బస్తీ పిల్లల చదువుకు తోడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలనీలో ఉద్యోగులం పదిమందిమి కలిసి, పక్క బస్తీ నుంచి సర్కారు బడికి వెళ్లే ముప్పైమంది హైస్కూలు పిల్లలకు ఆదివారాలు పాఠాలు చెబుతున్నాం. రెండు నెలలకే పిల్లలు సగమయ్యారు, మాలోనూ నలుగురు రావడం లేదు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముప్పైమందిని అందరూ కలిసి చూస్తుంటే ఏ పిల్లాడూ ఏ ఒక్కరి బాధ్యతా కాడు. వాడు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు ఉండరు. మిగిలిన ఆరుగురూ తలా ఒకరిని, మహా అయితే ఇద్దరిని తీసుకోండి. ఆదివారం మానేయండి. ఆ రోజు క్యాటరింగ్ పనికి వెళ్లే మగపిల్లలు, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకునే ఆడపిల్లలు బస్తీల్లో చాలామంది. హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతితో, వారంలో ఒకరోజు బడి విడిచాక అక్కడే గంటసేపు కూర్చోండి. రోజు, వేళ మారకూడదు.

ఏడాదిపాటు రాగలిగినవారినే చేర్చుకోండి. ఈ షరతు విషయంలో మొహమాటం వద్దు. అమెరికాలో 1904 నుంచి పిల్లలకు ఇలా పెద్దల తోడు కల్పిస్తున్న బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమాన్ని పరిశోధకులు పరిశీలించారు. ఏడాది దాటి సాగిన జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే ఆగిపోయినచోట పిల్లలకు తమమీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గింది.

మొదటి పది నిమిషాలు ఆ వారం బడికి ఎన్నిరోజులు వెళ్లాడో, ఎందుకు మానాడో అడగండి. తర్వాత నలభై నిమిషాలు ఒకే అంశం. మొదటి వారమే ఐదో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించి, రెండంకెల భాగహారం చేయించి చూడండి. తడబడితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తొమ్మిదో తరగతి హోంవర్కు మీరు చేసిపెడితే వాడికి వచ్చేది చేతిరాత అభ్యాసమే. చివరి పది నిమిషాల్లో వచ్చేవారానికి చేయాల్సిన చిన్న పని వాడి చేతే రాయించండి.

తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. తలుపు తెరిచిన గదిలో, మరో పెద్దమనిషి కనిపించేచోటే కూర్చోండి. బాల్యవివాహం, హింస వంటివి తెలిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఫీజులు, ఫోన్లు సొంతంగా కొనివ్వకండి. ఒకరికిస్తే పక్కవాడు చిన్నబుచ్చుకుంటాడు.

ప్రశ్న: మా పనిమనిషి కూతురు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఇంటర్ దాకా ఏదైనా స్కాలర్‌షిప్ దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా రూ.12,000 వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి (ఆలోచనాశక్తిని చూసే భాగం) 90, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. మొదటిది బడిలో చెప్పే పాఠం కాదు కాబట్టి పాత ప్రశ్నపత్రాలతో సాధన తప్పనిసరి. ఆదాయ ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఎంపికైన పిల్లలకు కూడా డబ్బు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయించడం మరవకండి.