కొట్టాక క్యూ ఎటు పోతోంది?

(క్యూ అనే కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాంతో మిగతా బంతులను టేబుల్ అంచున ఉండే పాకెట్లలో వేసే ఆట స్నూకర్. అది ఆడేవాళ్ల ప్రశ్నలకు నల్లగొండలో ముందు స్కోరు రాసే మార్కర్‌గా, తర్వాత కోచ్‌గా ఇరవై ఏళ్లు టేబుల్ పక్కనే గడిపిన ఆటగాడి జవాబులు)

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రెండేళ్లుగా ఆడుతున్నా. దగ్గరి బంతులు బాగానే పడతాయి. దూరం బంతి అనేసరికి పాకెట్ అంచుకు తగిలి బయటికొస్తుంది. ఫాలో-త్రూ, అంటే కొట్టాక కూడా క్యూ ముందుకు సాగడం, లేదని అందరూ అంటుంటే కావాలనే క్యూని ముందుకు నెడుతున్నా. ఇప్పుడు తెల్ల బంతి ఎడమకు పోతోంది. ఏం చేయాలి సార్?

జవాబు: ముందు ఆ నెట్టడం ఆపు తమ్ముడూ.

క్యూ కొన, అంటే టిప్, తెల్ల బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. ఆ తర్వాత నువ్వు క్యూని జానెడు తోసినా, మూరెడు తోసినా బంతికి తెలియదు. అది అప్పటికే వెళ్లిపోయింది. మరి ఫాలో-త్రూ దేనికంటావా? బంతి దగ్గరే ఆపాలనుకున్న చెయ్యి, బంతిని తాకకముందే ఆగడం మొదలుపెడుతుంది. ఆగాలంటే బిగుసుకోవాలి. బిగుసుకుంటే మణికట్టు తిరుగుతుంది. తప్పంతా అక్కడే.

మా నాయన దేవరకొండలో వడ్రంగి. ఆయన చిత్రిక పడితే అది చెక్క చివర దాటి గాలిలోకి పోయేది. నేను పన్నెండేళ్లప్పుడు పట్టబోతే అంచు దగ్గర భయపడి ఆపేవాణ్ణి. ఆపిన చోటల్లా ఒక గాటు. "చెక్క అయిపోయిందని చేతికి చెప్పకురా" అనేవాడు. నాకు ఫాలో-త్రూ నేర్పిన మొదటి కోచ్ ఆయనే. స్నూకర్ టేబుల్ ఆయన జన్మలో చూడలేదు.

ఎడమకు పోవడం సంగతి, లెక్కలు రాసేవాడివి కాబట్టి లెక్కలోనే చెప్తా. నీ బ్రిడ్జి చెయ్యి, అంటే టేబుల్ మీద క్యూని ఆనించే చెయ్యి, తెల్ల బంతికి 10 అంగుళాల వెనక ఉందనుకో. వెనక పిడికిలి బిగిసి బట్, అంటే క్యూ వెనక కొస, కాస్త కుడికి జరిగింది. బ్రిడ్జి మీద క్యూ పిల్లలు ఆడే సీ-సా బల్లలాంటిది. వెనక కుడికి పోతే ముందు ఎడమకు పోతుంది. టిప్ జరిగింది ఒక్క మిల్లీమీటరే అనుకుందాం. 10 అంగుళాలకు ఒక మిల్లీమీటరు అంటే, 6 అడుగుల అవతల ఉన్న ఎర్ర బంతి దగ్గరికి వెళ్లేసరికి 7 మిల్లీమీటర్లు. బంతి వ్యాసమే 52.5 మిల్లీమీటర్లు. దాని మీద 7 మిల్లీమీటర్లు పక్కన తగిలితే ఎర్ర బంతి దారి ఏడెనిమిది డిగ్రీలు మారిపోతుంది. అక్కడి నుంచి పాకెట్ 3 అడుగులుంటే దాదాపు 5 అంగుళాల పక్కకు పోతుంది. కార్నర్ పాకెట్ నోరు సుమారు మూడున్నర అంగుళాలే కదా! దగ్గరి బంతికి కూడా నువ్వు ఇదే తప్పు చేస్తున్నావు. దూరం తక్కువ కాబట్టి బయటపడటం లేదు.

మిల్లుకు టిఫిన్ క్యారియర్ పట్టుకుపోతావు కదా. దాని పిడిని ఎవరూ పిసకరు, వేళ్లకు వేలాడుతుంది అంతే. క్యూ కూడా అట్లాగే బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలి మీద ఉండాలి. వెనక్కి లాగినప్పుడు చివరి వేళ్లు కొద్దిగా విచ్చుకుంటాయి, ముందుకు వచ్చేటప్పుడు వాటంతటవే మూసుకుంటాయి. నువ్వు మూయకు. టిప్ బంతిని తాకే సమయానికి మోచేతి కింది భాగం నేలకు నిలువుగా ఉండాలి. ఆ తర్వాత చెయ్యి వచ్చి ఛాతీకి తగిలి ఆగితే అదే ఫాలో-త్రూ.

ఇప్పుడు కసరత్తు. తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ మీద, అంటే బ్రౌన్ బంతి పెట్టే చుక్క మీద, పెట్టు. బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా ఎదుటి అంచున ఉండే కుషన్‌కి కొట్టు. వెళ్లడానికి తొమ్మిదడుగులు పైన, రావడానికి అంతే. తిరిగొచ్చి నీ టిప్‌కే తగలాలి. పక్కకు వచ్చిందంటే నడిమధ్యన కొట్టలేదని అర్థం. బంతి తిరిగొచ్చేదాకా గడ్డం క్యూ మీద నుంచి లేవకూడదు. ఈ చివరి మాటే కష్టం. నేను ఒక జిల్లా పోటీ సెమీస్‌లో, టేబుల్ మీద బ్లాక్ ఒక్కటే మిగిలిన ఫ్రేమ్‌లో, అది పడటం చూద్దామని తల లేపాను. పడలేదు, చూడటానికేమీ లేకపోయింది.

అన్నట్టు, మన ఊళ్లలో కొన్ని టేబుళ్లు ఏదో ఒకవైపు వాలి ఉంటాయి. నీ చేతిని తిట్టుకునే ముందు బంతిని మెల్లగా దొర్లించి చూసుకో.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. కొందరు పెద్ద ప్లేయర్లు క్యూ వెనక్కి లాగాక ఒక్క క్షణం ఆగుతారు, కొందరు ఆగరు. నేను ఆగితే టెన్షన్ పెరుగుతోంది. ఆగాలా, వద్దా?

జవాబు: ఆగడం తప్పనిసరి కాదు. వెనక్కి పోవడానికీ ముందుకు రావడానికీ మధ్య కుదుపు లేకపోవడం మాత్రం తప్పనిసరి. నువ్వు ఆగడం లేదనుకుంటా, బిగుసుకుంటున్నావు. క్యూని నాలుగు సార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, చివరిసారి మిగతా వాటికంటే మెల్లగా వెనక్కి లాగి చూడు. మెల్లగా వెళ్లిన చెయ్యి తిరిగే చోట దానంతటదే ఒక రెప్పపాటు నిలబడుతుంది, అది చాలు.

ఇంగ్లండ్ ఆటగాడు రోనీ ఓసలివన్ 1997లో ఒక్క వంతులోనే వరుసగా 147 పాయింట్ల బ్రేక్‌ని 5 నిమిషాల 8 సెకన్లలో కొట్టాడని, మీ వయసు పిల్లలు నా దగ్గరికొచ్చి క్యూని కొరడాలా ఝళిపిస్తారు. అతను టేబుల్ చుట్టూ నడవడంలో వేగం, ఏ బంతి ఆడాలో తేల్చుకోవడంలో వేగం. ఆ వీడియోలో చెయ్యి ఒక్కటే చూడు, దానికి ఏ తొందరా ఉండదు.

ప్రశ్న: మాది నల్లగొండే, పానగల్ రోడ్డు. బంతులు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు క్యూ ముందుకు పోనిస్తే మా బ్యాచ్ వాళ్లు "పుష్, ఫౌల్" అంటారు. నిజమేనా?

జవాబు: మీ బ్యాచ్ వాళ్లదే రైటు. తెల్ల బంతి వెళ్లి ఎదుటి బంతికి తగిలే సమయానికి టిప్ ఇంకా తెల్ల బంతిని అంటుకునే ఉంటే అది పుష్. తక్కువలో తక్కువ 4 పాయింట్లు పోతాయి, బ్లాక్ మీద చేస్తే 7. వేలెడు సందు ఉన్నచోట క్యూ చిన్నగా లాగి, కొట్టగానే ఆపెయ్యాలి. పైన మిర్యాలగూడ తమ్ముడికి చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, నాకు తెలుసు. అతనికి చెప్పింది మామూలు షాట్లకు.

ప్రశ్న: నారాయణపేట నుంచి రాస్తున్నాను. మా పాపకు పదకొండేళ్లు, ఈ ఆటంటే పిచ్చి. స్నూకర్ పార్లర్‌కు తీసుకెళ్లడం ఆదివారమే కుదురుతుంది. ఇంట్లో టేబుల్ లేదు. ఆడపిల్లకు అదేం ఆట అని చుట్టాలు. ఏం చేయమంటారు?

జవాబు: చుట్టాల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఇంగ్లండ్ క్రీడాకారిణి రియాన్ ఎవాన్స్ 12 సార్లు మహిళల ప్రపంచ ఛాంపియన్ అయిందని చెప్పి చూడండి. ఈ ఆట 1875లో మన జబల్‌పూర్‌లో పుట్టిందని కూడా చెప్పండి.

పార్లర్‌లో ఉండే 57, 58 అంగుళాల క్యూ పాపకు పెద్దది. దాని బరువు ఆపుకోవడానికే పిడికిలి బిగిస్తుంది, ఆ అలవాటు తర్వాత పోదు. పొట్టి క్యూ కొనండి. 3 అడుగులకు తగ్గనంత వరకు నిబంధనల ప్రకారం ఏ ఇబ్బందీ లేదు.

ఇంట్లో భోజనాల బల్ల చాలు. ఖాళీ నీళ్ల సీసాను మూత తీసి, మూతి పాప వైపు ఉండేలా పడుకోబెట్టండి. సీసా వెనక ఒక ఇటుక ఆనించండి, జరగకుండా. బ్రిడ్జి చెయ్యి కింద ఒక నోట్‌బుక్ పెడితే ఎత్తు సరిపోతుంది. టిప్ మూతికి తగలకుండా లోపలికి నాలుగంగుళాలు పోయి వెనక్కి రావాలి. తగిలితే చప్పుడొస్తుంది, అప్పుడు లెక్క మళ్లీ ఒకటి నుంచి. మొదట్లో ఐదు దాటితే గొప్ప.

ప్లాస్టిక్ సీసానే పెట్టండి. గాజుది ఎందుకు వద్దో మా ఇంటావిడ చెబుతుంది.