ఆషాఢంలోనూ ఈఎంఐ కట్టాల్సిందే

ప్రశ్న: మాది సామర్లకోట. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సీజన్‌లో నెలకు 50 వేల దాకా వస్తుంది, ముహూర్తాలు లేని నెలల్లో 10 వేలు కూడా రావు. నా కెమెరా 4కే, 10-బిట్ 4:2:2 హెచ్.265లో తీస్తుంది. టైమ్‌లైన్ మీద వీడియో అడుగడుగునా ఆగిపోతోంది. ఎక్స్‌పోర్ట్ మూడు గంటలు, రాత్రి పెట్టి పడుకుంటాను. షాపులో ఇంటెల్ ఐ9-14900కె అంటున్నారు, మా బావ ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ అంటున్నాడు. ఏదైనా మొత్తం సిస్టమ్ 1,70,000. కార్డు మీద 24 నెలల ఈఎంఐ, 16 శాతం వడ్డీ. చేతిలో 65 వేలున్నాయి. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దండీ.

ఐ9కి 24 కోర్లు (పని చేసే విభాగాలు), రైజెన్‌కి 16. థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు, మాత్రం రెండింటికీ 32. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ పరీక్షలో కోర్లన్నీ పరుగెత్తిస్తే రెండూ దాదాపు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, మీ బావకీ షాపు వాళ్లకీ ఈ పంచాయతీ తెగదు. పైగా ఆ స్కోరు చెప్పేది ఏకధాటిగా నడిచే భారీ పని గురించి. మీ ఇంట్లో అలాంటి పని మీరు నిద్రపోయాక జరుగుతోంది. మూడు గంటల ఎక్స్‌పోర్ట్ గంటన్నరకు దిగినా మీకు పైసా మిగలదు.

మీ పగటి టైమ్ తినేస్తున్నది టైమ్‌లైన్, అంటే క్లిప్పులు పేర్చి కోసే చోటు. మీ కెమెరా వీడియోను బాగా కుదించి ఇచ్చే హెచ్.265 ఫార్మాట్‌ను విప్పే ప్రత్యేక భాగం ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌లో ఉంటుంది, పేరు క్విక్ సింక్. 7950ఎక్స్ గ్రాఫిక్స్‌కి అందులో 4:2:2 (రంగుల వివరం ఎక్కువ ఉంచే రకం) విప్పడం రాదు, ఆ భారం కోర్ల మీదే పడుతుంది. ఇక ఐ9లో ఉన్న యూహెచ్‌డీ 770 గ్రాఫిక్సే 14 కోర్ల ఐ5-14500లోనూ ఉంది. మీకు కావలసింది ఆ ఐ5. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న చిప్ కాస్త చవక అని తెచ్చుకోకండి, అందులో గ్రాఫిక్స్ పనిచేయదు. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్విక్ సింక్‌ను వాడుకుంటుందో లేదో కూడా కొనే ముందే చూసుకోండి.

ఐ5కి ఒక లోటుంది: దాని మదర్‌బోర్డు మీద తర్వాతి తరం చిప్ ఎక్కదు. 7950ఎక్స్ కూర్చునే ఏఎం5 రకం బోర్డుకు ఆ ఇబ్బంది లేదు. కానీ పాత బోర్డు ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఇప్పుడు అసలు టెన్షన్. 1,70,000కి 16 శాతం చొప్పున ఈఎంఐ దాదాపు 8,325. రెండేళ్లలో వడ్డీయే 30 వేల దగ్గరకు వస్తుంది, కార్డు ఈఎంఐ కాబట్టి ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ముహూర్తాలు ఆగుతాయి, బ్యాంకు ఆగదు. 10 వేలు కూడా రాని నెలలో 8,325 కట్టి ఇల్లెలా నడుపుతారు? ఒక్క వాయిదా తప్పితే లేట్ ఫీజు, పైన సిబిల్ దెబ్బ. (పెద్ద చిప్‌తో ఇంకో ఖర్చూ ఉంది. 14900కె ఒక్కటే 253 వాట్ల దాకా లాగుతుంది. దానికి గ్రాఫిక్స్ కార్డు తోడైతే మామూలు 600 వీఏ యూపీఎస్ నిలవదు.)

ఆ 65 వేలు ముట్టుకోకండి, అవి ముహూర్తాల్లేని నెలలకు. ఈ సీజన్‌ను ప్రాక్సీ ఫైళ్లతో లాగించండి. తేలికపాటి నకళ్ల మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ పెట్టడమే, రూపాయి ఖర్చుండదు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా నెలకు 12 వేలు పక్కన పెడితే 60 వేలవుతాయి. మానిటర్, క్యాబినెట్, డిస్కులు పాతవే ఉంచుకుని ఐ5-14500, బోర్డు, 32 జీబీ ర్యామ్‌కు రెండు మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. కొనడం ఆషాఢంలో, నగదుతో. కొత్త సిస్టమ్ సర్దుకోవడానికి మీకు తీరిక దొరికేదీ అప్పుడే.