జేబులో కాగితాలతో కవిత చేయాలనుకుంటున్న నీకు

నాన్నా,

నీ మెయిల్ చూశాను. పుస్తకం జోలికి పోకుండా కవిత్వం ఎలా చేయాలి, ఏ యాప్ కొనాలి అని అడిగావు. యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆన్-జేమ్స్ షాతోన్ అనే ఫ్రెంచి కవిని విను. పేరు చూసి ఆవిడ అనుకునేవు, మగవాడే, 1971లో పుట్టాడు. రోజంతా జేబులో పోగయ్యే కాగితాలు ఉంటాయి చూడు, సూపర్‌మార్కెట్ రసీదు, రైలు టికెట్, విజిటింగ్ కార్డు, వీధిలో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం, వాటి మీద ఏముంటే అది, అడ్రసు, టైము, బిల్లు నంబరు, ధర, అన్నీ ఎత్తుపల్లాలు లేని గొంతుతో గబగబా చదివేస్తాడు. వెనకాల ఆ రోజు వార్తల్లోని ఒక్క వాక్యం ఆగకుండా తిరుగుతుంటుంది. 2011లో రాస్టర్-నోటోన్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు విడుదల చేసిన ఆల్బమ్‌లో మైకేల్ జాక్సన్ మరణవార్త అలాగే తిరుగుతుంది, దాని మీద ఒక మామూలు మనిషి మామూలు ఖర్చులు. అంత పెద్ద కబురు వచ్చిన రోజు కూడా మనం కాఫీ తాగి చిల్లర తీసుకున్నాం కదా అన్నది ఆయన ఎక్కడా అనడు. వింటూ ఉంటే మనకే తడుతుంది.

ఇక నీ పని. ఒక రోజు ఎంచుకో, ఆ రోజు చేతికొచ్చిన కాగితాలన్నీ దాచు. ఏరుకోవద్దు. అందంగా ఉన్న సినిమా టికెట్ ఉంచి, మందుల షాపు బిల్లు పారేయాలనిపిస్తుంది, అక్కడే కవిత చచ్చిపోతుంది. ఫ్రాన్స్‌లో 2023 ఆగస్టు నుంచి రసీదు దానంతటది ప్రింట్ కావడం లేదు కాబట్టి కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడుగు, మొహమాటపడకు. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి, ఇంటికి రాగానే ఫోటో తీసిపెట్టుకో. క్యాషియర్ పేరు, ఎవరిదైనా సెల్ నంబరు కనిపిస్తే గీత పెట్టి కొట్టెయ్, నీ కవిత కోసం వాళ్ళని స్టేజీ ఎక్కించే హక్కు నీకు లేదు.

చదవడం దగ్గరే అసలు కష్టమంతా. నువ్వు కాలేజీలో ఏకపాత్రాభినయాలకి ప్రైజులు కొట్టినవాడివి, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ధర దగ్గర బాధ, తేదీ దగ్గర నిట్టూర్పు పెట్టావంటే వినేవాళ్ళకి ఇంక చేయడానికేమీ మిగలదు. అంకెలన్నీ పూర్తిగా చదువు. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్లు రెండేసి అంకెల చొప్పున చదువుతారు కదా, పది అంకెలకి అయిదు దెబ్బలు, ఆ దరువు ఊరికే దొరికింది, వాడుకో. అంకెల దగ్గర నీ ఫ్రెంచ్ తడబడుతుందని నాకు తెలుసు, అందుకని నెమ్మదిగా మొదలుపెట్టి రోజూ కాస్త వేగం పెంచు. కంఠస్థం మాత్రం చేయకు. కాగితం చేతిలో ఉండాలి, అది కనపడాలి.

ఈ దారి షాతోన్‌తో మొదలైంది కాదు. బెర్నార్ ఐడ్‌సీక్ అని ఇంకో ఫ్రెంచి కవి, 1928లో పుట్టి 2014లో పోయాడు, పగలు బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ 1959 నుంచి టేప్ రికార్డర్‌తో కవితలు కట్టాడు. కవిత పేజీలో పడుకుని ఉండకూడదు, లేచి నిలబడాలి అన్నది ఆయన పట్టుదల. 1974 నాటి ఆయన 'వదూజ్' తప్పకుండా విను, వీలైతే వీడియో చూడు. లీక్టెన్‌స్టైన్ రాజధాని వదూజ్‌ని నడిమధ్యన పెట్టి, దాని చుట్టూ ఉన్న జాతుల పేర్లు వలయాలు వలయాలుగా భూమి అంతా చుట్టేదాకా చెప్పుకుపోతాడు, పొడుగాటి కాగితం చుట్ట విప్పుకుంటూ. ఒట్టి పేర్ల జాబితా! నాకు షాతోన్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. నిజం చెప్పాలంటే షాతోన్‌ని ఏకబిగిన గంటసేపు వినలేను, మెదడు మొద్దుబారుతుంది. నువ్వు అయిదు నిమిషాలు దాటకు.

వాక్యం తిప్పడానికి ఫోన్ రికార్డరూ ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరూ చాలు, ఏమీ కొనకు. చిన్న వాక్యం తీసుకో, నీ గొంతు కంటే దాని వాల్యూమ్ తక్కువ పెట్టు. సంగీతం ఇప్పుడే వద్దు. షాతోన్ 'ది ఎక్స్' బ్యాండ్ గిటారిస్టు ఆండీ మూర్‌తో కలిసి చేసినవి అద్భుతంగా ఉంటాయి, కానీ గిటార్ పక్కన నిలబడగలిగే గొంతు ముందు తయారవ్వాలి. తిరిగే వాక్యం తెలుగులో పెట్టొచ్చా అంటే, నీ రోజు నిజంగా తెలుగు వార్తతో మొదలైతే పెట్టు. ఫ్రెంచి వాళ్ళకి వింతగా ఉంటుందని మాత్రం పెట్టకు.

పుస్తకం మీద కోపం కూడా అవసరం లేదు, షాతోన్‌వీ అచ్చయ్యాయి. స్టేజీ మీద నిలబడ్డాక దేనికి ఊపిరి ఆడుతుందో దాన్ని తర్వాత అచ్చు వేసుకోవచ్చు.

మీ నాన్న "ఇదీ కవిత్వమేనా, కిరాణా చిట్టా చదివినట్టుంది" అంటాడు. అననీ. ఆయన దగ్గర వాదన పెట్టుకోక, మొదటి రికార్డింగ్ నాకు మెయిల్‌లో పంపు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వద్దు, వెనక తిరిగే వాక్యం సరిగ్గా వినపడదు. అంకెలు మింగేసిన చోటల్లా టైము రాసి తిరిగి పంపుతాను.

మీ పెద్దమ్మ