అమ్మడికి, ఆ నోట్ రాసే ముందు

అమ్మడూ,

నీకు ఢిల్లీలో ఎంబసీ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పెరట్లో కొబ్బరిమట్టలు కొట్టిస్తున్నాను, కత్తివాడికి ఆగమని చెప్పి అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. వసంత్ విహార్‌లో ఒక అద్దె బంగళాలో, ఒక బుల్లి దేశం జెండా కింద, లోకల్ స్టాఫ్‌గా 26 ఏళ్ళు చేశాను, మన ఇంట్లో ఇంకెవరూ ఆ పనికి పోరనుకున్నాను. గర్వంగానే ఉందిలే. కానీ మీ అమ్మ ఆగకుండా ఇంకో ముక్క కూడా అంది, "వాళ్ళ దేశం మీద అమెరికా వీసా ఆంక్షలు పెట్టిందట బాబాయ్, దానికి జవాబు ఎలా ఉండాలో మొదటి డ్రాఫ్ట్ దీన్నే రాయమన్నారట" అని. అప్పట్నించి సరిగ్గా నిద్ర లేదు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఆ సంగతి ఫ్యామిలీ గ్రూప్‌లో ఎందుకు పెట్టావే? అందులో 41 మంది ఉన్నారు, అందులో సగం మందికి వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చెయ్యడమే పని. వెంటనే డిలీట్ చెయ్యి. ఆ దేశం పేరు నేనైతే ఇక్కడ కూడా రాయడం లేదు చూడు.

నీకు తెలిసే ఉండేవి గబగబా చెప్పేస్తాను. పేపర్లో వార్త కాదు, అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టిన అసలు ప్రకటన, ప్రొక్లమేషన్ అంటారే, అది చదువు. పూర్తి నిషేధమా, విజిటర్, స్టూడెంట్ వీసాల వరకేనా చూడు. ఇప్పటికే వీసా చేతిలో ఉన్నవాళ్ళ సంగతేంటో చూడు. నోట్ వెర్బాల్ (ఎంబసీ అవతలి ప్రభుత్వానికి రాసే అధికారిక ఉత్తరం) లోపల ఎంత కారం ఉన్నా మొదట నమస్కారాలు, చివర మర్యాదలు తప్పవు, నేను అనే మాట ఉండకూడదు, పూర్తి సంతకం ఉండదు, పొడి అక్షరాలూ సీలూ అంతే.

ఇక అసలు సంగతి. 2025 జూన్ 4న ట్రంప్ 12 దేశాలకి పూర్తిగా, ఇంకో 7 దేశాలకి కొంతవరకు తలుపు మూసేశాడు కదా. కాంగో రిపబ్లిక్ మంత్రి ఇదేదో పొరపాటు పడ్డట్టున్నారు అని మెత్తగా అన్నాడు, సోమాలియా రాయబారి కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు, ఆఫ్రికాలోనే ఉన్న చాద్ అధ్యక్షుడు మహమత్ దేబీ మాత్రం మర్నాడే ఫేస్‌బుక్‌లో, ఇవ్వడానికి మా దగ్గర విమానాలు లేవు, బిలియన్ల డాలర్లు లేవు, మాకున్నది పరువు అని రాసి అమెరికన్లకి వీసాలు ఆపెయ్యమన్నాడు. విమానాలంటే ఖతార్ వాళ్ళు ట్రంప్‌కి ఇస్తామన్న జెట్ మీద చురక. అది చదివి నేను వరండాలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను, మీ మామ్మ ఏమైందోనని గరిట పట్టుకుని బయటికొచ్చింది.

చప్పట్లు అయ్యాక గుర్తొచ్చింది, చాద్‌కి ఇది మొదటిసారి కాదు. 2017 సెప్టెంబర్‌లో కూడా లిస్టులో పెట్టారు. బోకో హరామ్ తీవ్రవాదుల మీద అమెరికాకి తోడుగా పోరాడుతున్న దేశం, దాన్ని పెట్టడమేంటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు రాసిందేంటంటే, అమెరికా అడిగిన శాంపిల్ పాస్‌పోర్ట్ పంపడానికి చాద్ దగ్గర పాస్‌పోర్ట్ కాగితం అయిపోయిందట! కారణం అదొక్కటే అనను, కానీ నాలాంటి గుమాస్తాకి అది చదివితే గుండె గుభేలుమంటుంది. 2018 మార్చిలో అమెరికా విదేశాంగ మంత్రి టిల్లర్సన్ చాద్ రాజధాని ఎన్‌జమేనా వచ్చి మాట్లాడి వెళ్ళాడు (మర్నాడే ఆయన ఉద్యోగం ఊడింది పాపం), ఏప్రిల్ 10న చాద్ పేరు తీసేశారు, పాస్‌పోర్టుల పద్ధతీ సమాచారం పంచుకోవడం బాగుపడ్డాయి కాబట్టి అన్నారు. అందుకని నువ్వు రేపు పొద్దున్నే పాస్‌పోర్టులు ఎక్కడ అచ్చవుతున్నాయి, పోయిన పాస్‌పోర్టుల లెక్క ఎవరు ఎవరికి పంపుతున్నారు అని అడుగు. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతే నీ జవాబులో సగం అక్కడే ఉంది.

పర్సంటేజీ చూసి కూడా హడలిపోకు. 2025లో చాద్ మీద రాసిన కారణం, టూరిస్టు, బిజినెస్ వీసా మీద వెళ్ళినవాళ్ళలో 49.54 శాతం గడువు దాటినా ఉండిపోయారని. సగానికి సగం అంటే భయంగానే ఉంటుంది, కానీ వెళ్ళినవాళ్ళే వందల్లో. శాతం పక్కన తలకాయల లెక్క కూడా రాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

1993 చలికాలం. ఒక పెద్ద దేశం మా బుల్లి దేశం వాళ్ళకి వీసాలు బిగించేసింది, ఏ దేశమో అనవసరం. అంబాసిడర్ గారు సెలవులో ఉన్నారు, ఫస్ట్ సెక్రటరీ కుర్రాడు, ఉడుకు రక్తం. వాళ్ళ రాజధాని నుంచి ఒక్క లైను ఫాక్స్ వచ్చింది, మనమూ అదే రూలు పెడుతున్నాం, నోట్ పంపండి అని. డ్రాఫ్ట్ నాకిచ్చారు. నా ఇంగ్లీషు మీద నాకు అప్పట్లో చెప్పలేనంత పొగరు, రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని రాశాను, 'తక్షణం అమల్లోకి' అన్న ముక్క దగ్గర మీసం మెలేసుకున్నాను కూడా. ఆయన చదివి బాగుందని, "ఎవరికైనా మినహాయింపు రాద్దామా?" అని అడిగాడు. అడిగాడే, ఆ మనిషి అడిగాడు! నేనే, "వద్దు సార్, మెత్తబడిపోతుంది" అన్నాను.

ఏటా జనవరిలో ఆ పెద్ద దేశం నుంచి ఎనిమిది మంది కంటి డాక్టర్లు మా బుల్లి దేశం వెళ్ళి ఊళ్ళల్లో ఉచితంగా శుక్లాల ఆపరేషన్లు చేసేవాళ్ళు. వాళ్ళ వీసాలు మా ఢిల్లీ కిటికీలోనే పడేవి, ప్రతి ఏడూ నా చేత్తోనే రిజిస్టర్‌లో ఎక్కించేవాణ్ణి, అయినా ఆ రాత్రి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు చూడు. వీసాలు ఆగిపోయాయి, క్యాంపు పోయింది. పెద్ద దేశం ఆరు వారాల తర్వాత రెండు లైన్లు రాసింది, మీ నోట్ అందింది అని. అంతే, వాళ్ళకి దోమ కుట్టినంత కూడా కాలేదు.

అంబాసిడర్ గారి వంటమనిషి వాళ్ళ దేశంవాడే, రోజూ నాకు పదకొండింటికి టీ తెచ్చేవాడు. ఒకరోజు కప్పు పెట్టి కదలకుండా నిలబడ్డాడు. వాళ్ళమ్మ ఆ క్యాంపు కోసం అక్టోబర్ నుంచి రోజులు లెక్కపెట్టుకుంటోందట, "ఈ ఏడు కూడా నా ఫోటో చేత్తో తడుముకోవాల్సిందే" అన్నాడు నవ్వుతూ. ఆ నోట్ రాసింది నేనని వాడికి తెలీదు. నేనూ చెప్పలేదు, ఆ టీ తాగేశాను. నాలుగు నెలలకి మినహాయింపు వచ్చింది కానీ అప్పటికి డాక్టర్లు వేరే దేశానికి ఒప్పుకున్నారు, మళ్ళీ రాలేదు.

అందుకే చెప్తున్నా, నోట్ తర్వాత, ముందు ఒక తెల్లకాగితం మీద మనుషుల్ని రాయి. అక్కడ చదువుకునే పిల్లలెందరు, వైద్యానికి వెళ్ళినవాళ్ళెందరు, పెళ్ళాం అక్కడ మొగుడు ఇక్కడ ఉన్నవాళ్ళెందరు, ఆ దేశం నుంచి మీ దగ్గరికొచ్చే డాక్టర్లు, టీచర్లు ఎవరు. దెబ్బకి దెబ్బ అని రాస్తే ఆ కాగితం మీద ఎవరికి తగులుతుందో చూసి, మినహాయింపులు, ఎప్పుడు మళ్ళీ సమీక్షిస్తారో తేదీ, రెండూ పెట్టాకే రాయి.

అలాగని ఎప్పుడూ తల దించుకోమని కాదు. ఆఫ్రికాలో మాలి అనే దేశం సంగతి చూడు, 2025 అక్టోబర్‌లో మాలి వాళ్ళ మీద అమెరికా 10,000 డాలర్ల దాకా వీసా బాండ్ (తిరిగి వెళ్ళిపోతామని హామీగా కట్టే డబ్బు) పెడితే వాళ్ళూ అమెరికన్లకి అంతే పెట్టారు, ఆ నెలలోనే అమెరికా మాలి పేరు బాండ్ లిస్టులోంచి తీసేసింది. భలే అనుకున్నాను. డిసెంబర్ 16న మళ్ళీ అదే మాలిని పూర్తి నిషేధంలో పడేశారు, వాళ్ళు మళ్ళీ అమెరికన్లని ఆపేశారు. ఇందులో గెలుపెవరిదో నాకైతే తేలడం లేదు.

లిస్టులో రాసిన కారణం ఒకటి, కావాల్సింది ఇంకొకటి కూడా అవ్వచ్చు. 2001లో దక్షిణ అమెరికాలోని గయానా ప్రభుత్వోద్యోగులకి అమెరికా వీసాలు ఆపింది, తను తిప్పి పంపేవాళ్ళకి ఆ దేశం కాగితాలు ఇవ్వడం లేదని, ఇచ్చాక రెండు నెలల్లో ఎత్తేశారు. ఆ గయానాకి ఒకప్పుడు మద్రాసు ఓడలెక్కి వెళ్ళిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఆ వార్త చదివినప్పుడు నాకు వాళ్ళ మునిమనవలే కళ్ళ ముందు మెదిలారు. కాబట్టి అసలు ఏం కావాలో అవతలి డెస్క్ ఆఫీసర్‌ని టీకి పిలిచి అడగమని మీ పెద్దాయనకి చెప్పు.

ఇంకొకటి, కోప్పడకు. మీ అన్నయ్య అమెరికా వీసా స్టాంపింగ్‌కని డిసెంబర్‌లో వచ్చి, అపాయింట్‌మెంట్ నెలల తర్వాతకి జరిగి, అక్కడ పెళ్ళాం పిల్ల, ఇక్కడ తను, రోజంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వాణ్ణి చూస్తే నాకూ కడుపు రగులుతుంది. కానీ అది మన ఇంటి కోపం, ఆ దేశం నోట్‌లోకి రాకూడదు. రాస్తున్నప్పుడు చెయ్యి వేడెక్కితే లేచి వెళ్ళి మొహం కడుక్కో.

డ్రాఫ్ట్ నాకు పంపకు, నేను అడిగినా పంపకు. అక్కడ జనవరి చలి నీకు కొత్త, మందపాటి రజాయి కొనుక్కో, డబ్బులు నేను వేస్తాను. మీ మామ్మ కందిపొడి, ఆవకాయ కట్టింది, ఆవకాయ ఆఫీసులో పెట్టేముందు కారం సంగతి చెప్పి పెట్టు. అన్నట్టు, మీ ఎంబసీలో టీ ఇచ్చేది ఎవరు, వాళ్ళది ఏ ఊరో అడిగావా?

మీ చిన్న తాతయ్య