బాంబు జాడ చెప్పనివాణ్ణి కొట్టవచ్చునా?

ప్రశ్న: 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సంగతి మన జిల్లావాళ్లు మరచిపోలేరు. నల్లగొండకు, దేవరకొండకు వచ్చే బస్సు కోసం మనలో చాలామంది నిలబడేది ఆ దారిలోనే. పేలుడుకు గంట ముందు ఆ బాంబు పెట్టినవాడు పోలీసులకు దొరికి ఉంటే, నాలుగు తగిలించి జాడ రాబట్టడం తప్పవుతుందా? గ్రంథాలయంలో రోజూ పేపరు చదివే మా మిత్రుల్లో ఎక్కువమంది తప్పు కాదన్నారు. నాకు మనసొప్పలేదు గానీ వాళ్లకు దీటైన జవాబు చెప్పలేకపోయాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మీ మిత్రుల ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. చిత్రహింసను వ్యతిరేకించేవారు చాలామంది "దెబ్బలకు భయపడి ఎవరూ నిజం చెప్పరు" అని వాదనను అక్కడితో ముగిస్తారు. అది పూర్తిగా నిజం కాదు, అంత సులువైన సమాధానంతో మీ మిత్రులు తృప్తి పడకపోవడంలో వింత లేదు.

2002లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యువకుడు పదకొండేళ్ల బాలుణ్ణి డబ్బు కోసం అపహరించాడు. డబ్బు చేతికందాక పోలీసులకు చిక్కి, పిల్లవాడి జాడ చెప్పకుండా వాళ్లను తప్పుదారి పట్టిస్తూ వచ్చాడు. బాలుడు ఎక్కడో ఆకలిదప్పులతో కొనఊపిరితో ఉన్నాడేమోనన్న ఆందోళనతో, నగర పోలీసు ఉపాధిపతి వోల్ఫ్‌గాంగ్ దాష్నర్, నోరు విప్పకపోతే భరించలేని బాధ పెడతామని నిందితుణ్ణి బెదిరించమని తన కింది అధికారిని ఆదేశించాడు. ఒక్క దెబ్బ పడకుండానే నిందితుడు నిజం చెప్పేశాడు. అయితే ఆ బాలుణ్ణి అతడు అంతకుముందే చంపేశాడు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది. 2004 డిసెంబరులో దాష్నర్‌ను కూడా కోర్టు దోషిగా నిర్ధారించింది, అయితే అతని ఉద్దేశాన్ని గమనించి, జరిమానాను వాయిదాలో ఉంచి హెచ్చరికతో వదిలింది. ఆ బెదిరింపు అమానుషమైన వ్యవహారమేనని 2010లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

ఈ కేసులో నన్ను ఆకట్టుకున్నది తీర్పు కన్నా ముందు జరిగిన ఒక చిన్న పని. తానిచ్చిన ఆదేశాన్ని దాష్నర్ స్వయంగా ఫైలులో రాసిపెట్టాడు. ఒక ప్రాణం కాపాడటానికి చట్టం దాటక తప్పదని నిజంగా నమ్మిన అధికారి చేయగలిగింది అదే: దాటాననీ, శిక్షకు సిద్ధమేననీ రాసి సంతకం చేయడం. మన ఠాణాల్లో థర్డ్ డిగ్రీని సమర్థించేవారిలో ఇంత సాహసం చేసేవారిని నేనింతవరకు చూడలేదు. ఇక్కడ దెబ్బ పడుతుంది, కాగితం మీద మాత్రం "విచారణలో సహకరించాడు" అని ఉంటుంది.

ఇక మీ బాంబు సంగతి. ఆ కథలో దొరికినవాడే బాంబు పెట్టినవాడని మనకు ముందే తెలుసు, అతనికి జాడ తెలుసని తెలుసు, గంటలో నిజమే చెబుతాడనీ తెలుసు. ఇవన్నీ కథ చెప్పేవాడు ఇచ్చిన వరాలే, ఠాణాలో కూర్చున్న ఇన్‌స్పెక్టరుకు వీటిలో ఒక్కటీ తెలియదు. అతని దగ్గర ఉండేది అనుమానం. హైదరాబాదులోనే 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత పోలీసులు ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. అదుపులో తమను చిత్రహింసలు పెట్టారని విడుదలైనవారు చెప్పారు. వారి మీద మోపిన కేసులు నిలవలేదు, దర్యాప్తు పూర్తిగా వేరే మనుషుల వైపు తిరిగింది, చివరకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వారికి పరిహారం చెల్లించింది. అప్పుడు కూడా అనుమానించినవారికి తమ అనుమానం గట్టిదనే అనిపించి ఉంటుంది.

ఇక్కడ ఒక కఠోరమైన లెక్క ఉంది. జాడ తెలిసినవాడికి దెబ్బలు ఆపించుకునే దారి ఒకటుంటుంది, చెప్పేస్తే చాలు. తెలియనివాడికి ఆ దారి లేదు, "నాకు తెలియదు" అన్న ప్రతిసారీ అది మొండితనంగానే కనిపిస్తుంది కనుక ఎక్కువ దెబ్బలు తినేది నిరపరాధే. చివరికి ఏదో ఒకటి ఒప్పుకుంటాడు. ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. నేరస్థుణ్ణి బాధించి నిజం రాబట్టే విధానాలను నిస్సంకోచంగా వివరించిన కౌటిల్యుడే, దొంగ కాని అణిమాండవ్యుడు హింసకు భయపడి "నేను దొంగనే" అన్నాడని అదే అధ్యాయంలో గుర్తు చేస్తాడు. మహాభారతంలో ఆ ముని మౌనవ్రతంలో ఉండి కొరత వేయించుకుంటాడు గానీ, అర్థశాస్త్రం చెప్పిన మాండవ్యుడే మన ఠాణాలకు దగ్గరివాడు.

పైగా ఆచరణలో లాఠీ వెతికేది బాంబును కాదు. బంగారు గొలుసునో, బోరు మోటారునో, మేకలనో. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే 2021లో దొంగతనం ఆరోపణ మీద తీసుకెళ్లిన ఒక దళిత మహిళ పోలీసుల అదుపులో మరణించింది, ఆ పోలీసులను ఉద్యోగాల నుంచి తొలగించారు. అక్కడ ఏ గడియారమూ టిక్కుటిక్కుమనలేదు. బాంబు కథతో సంపాదించిన అనుమతిని ఖర్చు పెట్టేది ఇలాంటివారి వీపుల మీద కనుక, మీ మిత్రులకు నేను చెప్పే జవాబు ఒకటే: కొట్టరాదు.

ప్రశ్న: రహస్యంగా ఎలాగూ జరుగుతున్నది కదా, అత్యవసరమైనప్పుడు న్యాయమూర్తి అనుమతితోనే కఠిన విచారణ జరపాలని చట్టం చేస్తే దుర్వినియోగం తగ్గదా? అమెరికాలో ఆచార్య అలన్ డెర్షోవిట్జ్ ఇటువంటి ప్రతిపాదనే చేశారని మా తరగతిలో విన్నాను.
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఆ ప్రతిపాదన నిజమే. అయితే బాహాటంగా జరిగితే తగ్గుతుందన్న ఊహకు మన ప్రాంతపు అనుభవం అడ్డం వస్తుంది. వెట్టికి రానన్నవాణ్ణి గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తిన వైనాలు మన తాతల తరం చెప్పినవే. అది ఊరంతా చూస్తుండగా జరిగేది, చూస్తున్నారన్న కారణంతో ఏ దొరా వెనక్కి తగ్గలేదు. కృష్ణకు ఆవల, మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం రైతులను పెట్టిన హింసల మీద 1855లో ఒక కమిషన్ నివేదికే ఇవ్వవలసి వచ్చింది.

అనుమతితో పరిమితంగా జరిపే ప్రయత్నం ఇజ్రాయెల్‌లో జరిగింది. "మితమైన శారీరక ఒత్తిడి"ని 1987లో అక్కడి ప్రభుత్వం నియమించిన లాండౌ విచారణ కమిషన్ ఒప్పుకుంది. నిద్ర పోనివ్వకపోవడం, వంకర కుర్చీకి కట్టి గంటల తరబడి కూర్చోబెట్టడం, పట్టుకొని బలంగా ఊపేయడం విచారణలో మామూలు పద్ధతులయ్యాయి. 1999లో ఆ దేశపు సుప్రీంకోర్టు వాటికి చట్టబద్ధత లేదని తీర్పు చెప్పింది. విపత్కర పరిస్థితిలో హద్దు దాటిన అధికారి, తన మీద కేసు నడిచినప్పుడు ఆవశ్యకతను సంజాయిషీగా చెప్పుకోవచ్చునే గాని, ముందుగా అనుమతి ఇచ్చే అధికారం దాని నుంచి పుట్టదని స్పష్టం చేసింది. నాకు సబబుగా తోచే తేడా ఇదే.

మీరు న్యాయశాస్త్రం చదువుతున్నారు కనుక మరో మాట. పోలీసు అధికారికిచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని మన చట్టం ఏనాడో చెప్పింది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 23వ సెక్షను అదే చెబుతుంది. కాని ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాటలు చెల్లుతాయి. లాఠీకి మిగిలిన ఉపయోగం ఇక్కడుంది. బలవంతంగా చెప్పించారని తేలితే రాజ్యాంగంలోని 20(3) అధికరణం అడ్డుపడుతుంది గానీ, నాలుగు గోడల మధ్య జరిగిన బలవంతాన్ని తేల్చడమెలా?

భారతదేశం ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం చేసి ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నివారణ బిల్లు రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. అదుపులో ఉన్న మనిషి ఒంటి మీద గాయాలు కనిపిస్తే, అవి పోలీసులు చేసినవేనని కోర్టు భావించవచ్చుననీ, కాదని నిరూపించుకునే భారం వారిదేననీ సాక్ష్య చట్టాన్ని సవరించాలని లా కమిషన్ 2017లో తన 273వ నివేదికలో మరోసారి సిఫారసు చేసింది. మీ తరగతిలో అనుమతి పత్రాల మీద జరిగిన చర్చ, ఈ సిఫారసు మీద జరిపించగలరేమో మీ అధ్యాపకులను అడిగి చూడండి.