అవ్వకు లేని కథ అవ్వకు కట్టకు

తమ్ముడూ,

నీ రచన చదివి కోపం వచ్చింది. కొంచెం చల్లబడ్డాక రాద్దామనుకున్నాను గానీ చల్లబడేలా లేను, ఇప్పుడే రాస్తున్నాను.

ఇజ్రాయెల్‌లోని నెవాతిమ్ ఊళ్ళో నువ్వు కేర్‌గివర్‌గా చూసుకున్న యూదు అవ్వ పోయింది, ఆమె మీద రాశావు. రాయవలసిందే. కానీ మొదటి పేజీ నిండా హిట్లర్ ఎందుకొచ్చాడు? ముళ్ళకంచెలు, రైలు పెట్టెలు, పసుపు నక్షత్రాలు ఎందుకొచ్చాయి? ఆమె పుట్టింది ఎర్నాకుళంలో అని నువ్వే రాశావు. 1954లో అమ్మానాన్నలతో ఇజ్రాయెల్ వెళ్ళింది. హిట్లర్ యూదులను చంపించిన ఆ క్యాంపులు ఆమె బతుకులో ఎక్కడా లేవు. యూదు ముసలమ్మ అనగానే పాఠకుడు అదే ఆశిస్తాడని నీకెవరు చెప్పారు? అరవై లక్షల మంది చావు అది. దాన్ని పక్కింటి నుంచి అరువు తెచ్చిన నగలా ఈమె మెడలో వేస్తే, చచ్చినవాళ్ళకూ మర్యాద కాదు, ఈమెకూ కాదు.

ఆమె జనానికి వాళ్ళ కష్టాలు వాళ్ళకు లేవా? ఇజ్రాయెల్‌కు బయల్దేరడానికి సిద్ధపడ్డ కొచ్చి యూదులను అక్కడి వైద్యాధికారులే కొంతకాలం రానివ్వలేదు. వాళ్ళతోపాటు బోదకాలు వస్తుందని భయం. కొచ్చి రాజు నీడన తమ సినగాగ్‌లు, అంటే ప్రార్థనా మందిరాలు, కట్టుకుని తరతరాలు బతికిన జనం, తీరా తమ పవిత్రభూమి పిలిచిందనుకునే వేళకు జబ్బు మనుషులుగా లెక్కకొచ్చారు. తర్వాత వాళ్ళలో కొందరికి దొరికింది నెగెవ్ ఎడారి అంచున ఈ నెవాతిమ్. ఏడాదికి మూడు మీటర్ల వాన చూసిన పిల్ల, ఇరవై సెంటీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట కాపురం పెట్టింది. ఇది నీ రచనలో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమె నీకు చెప్పలేదా, నువ్వు అడగలేదా?

అయినా నీకు రాయడం చేతవునని ఒక్క చోట తెలిసింది. నాలుగో పేజీలో, ఏదో మర్చిపోయి పెట్టినట్టు ఇలా రాశావు: "ఒక శుక్రవారం రాత్రి హాల్లో లైటు ఆరిపోయింది. వెయ్యమని నన్ను అడగలేదు. చీకట్లోనే కూర్చుంది." అంతే, తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

శుక్రవారం పొద్దుగూకగానే యూదుల విశ్రాంతి దినం సబ్బత్ మొదలవుతుంది, అప్పుడు దీపం వెలిగించకూడదు. అందుకే ఆమె స్విచ్ ముట్టదు. తన కోసం వెయ్యమని నీతో కూడా అనదు. జబ్బు మనిషికి మినహాయింపు ఉంది, దాన్నీ ఆమె వాడుకోలేదు. కానీ యూదుడు కానివాడు తన పనికోసం దీపం వెలిగించుకుంటే ఆ వెలుగులో యూదులు కూర్చోవచ్చు. పద్ధెనిమిది వందల ఏళ్ళ నాటి వాళ్ళ ధర్మశాస్త్రం మిష్నాలోనే ఆ మాట ఉంది. నీకు ఇది తెలుసా? తెలిసి నువ్వు ఫోను పట్టుకుని హాల్లోకొచ్చి, నీ పనికే అన్నట్టు లైటు వేశావా? లేక తెలియక నువ్వూ ఆమె పక్కన చీకట్లో కూర్చున్నావా? రెండింటిలో ఏది జరిగినా నీ రచన మొత్తం అక్కడే ఉంది.

నేను ఎప్పటినుంచో చెప్తున్నది, ఎవరూ పట్టించుకోనిది ఇదే: భక్తి గురించి రాసేటప్పుడు ఆ మనిషి ఏం చెయ్యదో రాయాలి. పూజలు, ప్రార్థనలు, కళ్ళలో నీళ్ళు ఎవరైనా రాస్తారు. మాంసమూ పాలూ కలపకూడదన్నది వాళ్ళ నియమం, అందుకే మాంసంలో పెరుగు వెయ్యదు, కొబ్బరిపాలు పోస్తుంది. గోధుమ లాంటి పులిసే ధాన్యం ఇంట్లో ఉండకూడని పస్కా పండగకు బియ్యంలో ఒక్క వేరే గింజ ఉండనివ్వదు, ఏరిందే మళ్ళీ ఏరుతుంది. చూపు ఆనకపోయినా ఆ పని నీకివ్వదు. పేజీకి రెండుసార్లు "భక్తురాలు" అన్నావు, అవన్నీ కొట్టెయ్, ఈ బియ్యం ఒక్కటి చాలు.

మా అమ్మమ్మది శనివారం ఒక్కపొద్దు. ఆపరేషనయ్యాక ఆస్పత్రి మంచం మీద కూడా పొద్దుగూకేదాకా గోలీ వేసుకోలేదు, తిన్నాకే వేసుకోవాలన్నారని. నర్సు తిట్టింది, మేమూ తిట్టాం. అది రాసి ఒక వారపత్రికకు పంపాను. నేను అప్పుడు ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ, రాత్రుళ్ళు అక్కడి మిషన్ మీదే కథలు కొట్టుకునేదాన్ని. ఎడిటర్ ఆ గోలీ ముక్క తీసేశాడు, మూఢనమ్మకంలా ఉందట. దానికి "అనురాగదేవత" అని పేరు పెట్టి, చివర రెండు కన్నీటి వాక్యాలు తనే చేర్చాడు. మా అమ్మమ్మ ఎవరినీ అంత సులువుగా అనురాగించిన మనిషి కాదు. ఆ పేజీ చూసి బంధువులు మెచ్చుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఇవాళ్టి ఎడిటర్లు ఇంకో రకం. ప్రతి ముసలమ్మా బాధితురాలై ఉండాలి, లేదా తిరగబడి ఉండాలి. ఊరికే నియమంగా బతికితే వాళ్ళకు కథ కనపడదు. నువ్వు హిట్లర్‌ను తెచ్చింది కూడా అలాంటి వాళ్ళ కోసమేనని నా అనుమానం.

"పాటలు పాడేది" అని ముగించావే, ఏ పాటలు? కొచ్చి యూదుల ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకూ పండగలకూ మలయాళంలో పాడుకునేవాళ్ళు, మగవాళ్ళ ముందే పాడేవాళ్ళు. చేత్తో రాసుకున్న నోటుబుక్కులు ఇళ్ళల్లో ఉండేవి. ఆమె నోటుబుక్కు ఎవరి దగ్గరుందో వాళ్ళ కూతుర్ని అడుగు.

ఇంకొకటి. ఆమె పోయాక ఇంట్లో ఏడు రోజులు సంతాపంలో కూర్చున్నారని రాశావు. కొడుకు పదకొండు నెలలు కద్దిష్, అంటే పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన, చదువుతాడనీ రాశావు. నువ్వెక్కడున్నావు? ఆమె పోయిన రోజే నీ కొలువూ పోయింది. కొత్త ఇల్లు వెతుక్కోకపోతే వీసాకు ఇబ్బంది. ఏడవడానికీ ఏజెన్సీకి ఫోన్ చెయ్యడానికీ మధ్య ఆ ఏడు రోజులూ ఎలా గడిపావో నాకు కావాలి. సిగ్గుపడి దాచావేమో. ఆ టెన్షన్ కూడా ఆమె కథే.

నవలగా పెంచాలా, మన జగిత్యాల మాటల్లో రాయాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు మొదటి పేజీ చించెయ్. ఆ శుక్రవారం రాత్రి రాసి నాకు పంపు. కాగితం మీదే పంపు, ఫోన్లో చదవడానికి నా కళ్ళు ఒప్పుకోవడం లేదు.

మీ అక్క