రెడ్‌షర్ట్ అంటే పక్కన పెట్టేసినట్టు కాదమ్మా

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లోనే పుట్టి పెరిగాడండీ, అక్కడ కాలేజీ టీమ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, వైడ్ రిసీవర్ అంట, అంటే దూరంగా పరిగెత్తి బాల్ క్యాచ్ పట్టేవాడట. ఫస్ట్ ఇయర్ అంతా ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, రెడ్‌షర్ట్ చేశారు అన్నాడు. ఇప్పుడేమో పోర్టల్ అనే ట్రాన్స్‌ఫర్ లిస్ట్‌లోకి వెళ్లి కాలేజీ మారిపోతా అంటున్నాడు, అన్నయ్యేమో ఆట మానేసి చదువుకోమని రోజూ గొడవ. "అత్తా, నువ్వైనా డాడీకి చెప్పు" అని వాడు నాకు ఫోన్ చేస్తున్నాడు. నాకు ఆ ఆటే తెలీదు, ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ అన్నయ్య గారికి ఈ ఒక్క ముక్క చెప్పండమ్మా, రెడ్‌షర్ట్ అంటే శిక్ష కాదు. అక్కడ ఇన్నాళ్లుగా నడుస్తున్న లెక్క ఏంటంటే, కాలేజీలో చేరాక ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. ఆ ఎక్స్‌ట్రా ఏడాదిని మొదట్లోనే వాడేసి, పిల్లాడిని జిమ్‌లో, ప్రాక్టీస్‌లో గట్టిపరిచి, నాలుగు సీజన్లూ అలాగే మిగిల్చి పెడతారు. 2018 నుంచైతే నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా రెడ్‌షర్ట్ పోదు. కూపర్ కప్ అని ఒకాయన ఉన్నాడు, పెద్ద కాలేజీలు ఒక్కటి కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న కాలేజీలో చేరి 2012లో ఇలాగే రెడ్‌షర్ట్ అయ్యాడు, తర్వాత నాలుగేళ్లలో 428 క్యాచ్‌లు పట్టి 2017లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లి 2022 ఫిబ్రవరిలో ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ లాంటి ఎంవీపీ అవార్డు తీసుకున్నాడు.

అసలు వైడ్ రిసీవర్‌కి ఇంత టైమ్ ఎందుకంటే, మనకి టీవీలో కనిపించేది క్యాచ్ ఒక్కటే, పని మాత్రం దానికి ముందే ఉంటుంది. ప్రతి ప్లేకి, అంటే బాల్‌తో చేసే ప్రతి ప్రయత్నానికీ, వాడు పరిగెత్తాల్సిన రూట్ ముందే రాసి ఉంటుంది, ఇన్ని గజాలు నేరుగా వెళ్లి లోపలికి తిరగాలి, లేదా టక్కున ఆగి వెనక్కి తిరగాలి, అదీ కచ్చితంగా అక్కడే, ఎందుకంటే బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ చాలాసార్లు వీడు తిరగకముందే బాల్ వదిలేస్తాడు, ఒక్క గజం తేడా వచ్చినా బాల్ అవతలివాడి చేతిలోకి పోతుంది. ఎదురుగా వీణ్ని కాపలా కాసే అవతలి టీమ్ కార్నర్‌బ్యాక్ మీద మీద నిలబడి ఉంటాడు, కబడ్డీలో రైడర్ ఒక పక్కకి ఊగి ఇంకో పక్కకి దూకినట్టు వాణ్ని ఏమార్చి బయటపడాలి. ఎక్కువ ప్లేల్లో బాల్ వీడి దగ్గరికి రానే రాదు, అయినా ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తాల్సిందే, టీమ్‌లో ఇంకొకడు బాల్ పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ ప్లే అయితే తనకంటే బరువున్నవాడికి అడ్డం పడి బ్లాక్ చెయ్యాలి. హైస్కూల్‌లో స్పీడ్ ఒక్కదానితో గెలిచేసిన పిల్లలు కాలేజీకి రాగానే తడబడేది ఇక్కడే.

మీ మేనల్లుడికి డివాంటా స్మిత్ అనే ఇంకో వైడ్ రిసీవర్ సంగతి గుర్తు చెయ్యండి, వాడికి బాగా తెలిసే ఉంటుంది. అలబామా యూనివర్సిటీలో మొదటి సీజన్ మొత్తానికి ఆయన పట్టినవి 8 క్యాచ్‌లే, అందులో ఒకటి 2018 జనవరిలో ఫైనల్ గెలిపించిన టచ్‌డౌన్ (బాల్‌ని అవతలివాళ్ల చివరి గీత దాటించి పాయింట్లు తేవడం) అనుకోండి. మూడో ఏడాది అవ్వగానే ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోగలిగీ ఇంకో ఏడాది ఉన్నాడు, ఆ 2020 సీజన్‌లో 117 క్యాచ్‌లు, 23 టచ్‌డౌన్‌లు, ఏటా బెస్ట్ కాలేజీ ప్లేయర్‌కి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత ఒక రిసీవర్‌కి ఆ ట్రోఫీ రావడం అదే.

ఇక పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు ఎక్కించుకునే లిస్ట్. 2018లో వచ్చింది, ఇదివరకు కాలేజీ మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు అది లేదు కాబట్టి పిల్లలు తొందరపడుతున్నారు. కానీ పేరు పోర్టల్‌లో పడ్డాక పాత కాలేజీ తర్వాతి టర్మ్ నుంచి స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు, కొత్త కాలేజీ పిలవకపోతే రెండిటికీ చెడ్డట్టే. పాత క్రెడిట్లు అన్నీ కొత్తచోట ఒప్పుకోకపోతే డిగ్రీ కూడా లేటవుతుంది. నన్నడిగితే, వాణ్ని చేర్చుకున్న రిసీవర్స్ కోచ్ ఇంకా అక్కడే ఉంటే ఇంకో సీజన్ ఆగమనే చెప్తాను. కోచ్ వెళ్లిపోయుంటే మాత్రం మారడం గురించి ఆలోచించడంలో తప్పులేదు.

అన్నయ్య గారి భయం కూడా న్యాయమైనదే. కాలేజీలో ఆడినవాళ్లలో ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లేది వందకి ఇద్దరు కూడా ఉండరు, మోకాలి లిగమెంట్ తెగితే ఒక సీజనే పోతుంది. అందుకే ఆట మానెయ్యమనడం కాదు, స్కాలర్‌షిప్ ఉన్నన్నాళ్లూ డిగ్రీ క్లాసులు ఒక్కటి కూడా పక్కన పెట్టకుండా ఆడమనండి. ఆ ఐదో ఏడాదిలో మాస్టర్స్ మొదలెట్టే ప్లేయర్లు అక్కడ చాలామంది ఉన్నారు, ఈ ముక్క అన్నయ్య గారికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: నేను బీటెక్ సెకండ్ ఇయర్, స్ప్రింట్ బాగా పరిగెత్తుతా. ఎంఎస్‌కి అమెరికా వెళ్లి అక్కడ కాలేజీ టీమ్‌లో వైడ్ రిసీవర్ అవ్వొచ్చా?
– ఉప్పల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీ ఆశ చూసి సంతోషంగా ఉంది కానీ ఉన్నమాట చెప్పాలి. పెద్ద కాలేజీల డివిజన్ వన్‌లో ఆ ఐదేళ్ల గడియారం నువ్వు ఏ దేశంలో ఫుల్‌టైమ్ కాలేజీలో చేరినా అప్పుడే మొదలైపోతుంది, అంటే నీది ఇప్పటికే నడుస్తోంది. ఎంఎస్‌కి వెళ్లేసరికి మిగిలేది ఒక్క ఏడాది, అదీ చిన్నప్పటి నుంచి ఆడినవాళ్ల మధ్య. 2021 నుంచి అక్కడి ప్లేయర్లు తమ పేరు మీద యాడ్స్‌తో సంపాదించుకుంటున్నారు కదా, స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి అందులోనూ చిక్కులున్నాయి.

మన దగ్గర 2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని పెట్టారు, హైదరాబాద్ స్కైకింగ్స్ అని మన సిటీ టీమ్ కూడా ఉండేది, నిలబడలేదు, నాకు ఇప్పటికీ బాధే. నీ స్పీడ్‌కి నేనైతే ఫ్లాగ్ ఫుట్‌బాల్ చూడమంటాను, 2028 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో ఉంది, టీమ్‌కి ఐదుగురే, టాకిల్, అంటే పట్టుకుని కింద పడెయ్యడం ఉండదు, నడుముకి కట్టుకున్న ఫ్లాగ్ లాగేస్తే ప్లే అయిపోయినట్టే. రూట్లు మాత్రం ఇవే. ముందు స్లాంట్ (ఏటవాలుగా లోపలికి తిరగడం), కర్ల్ (ఆగి వెనక్కి తిరగడం) ఈ రెండు ప్రాక్టీస్ చెయ్యి, స్పీడ్‌లో వెళ్తూ రెండు మూడు అడుగుల్లో ఆగగలుగుతున్నావో లేదో ఫ్రెండ్‌తో వీడియో తీయించి చూసుకో.